ఒక కారు, రెండు నేలలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రి వైపు సాగే కుందూ నది లోయలో నేల చాలా చోట్ల నల్లరేగడి. ఆ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఎక్కువగా ఉంటుంది. పలుచని రేకులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే దాని పొరల మధ్యకు నీరు చేరినప్పుడు మట్టి ఉబ్బుతుంది, ఎండల్లో ఆ నీరు ఆవిరైపోయినప్పుడు కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. శనగకూ పత్తికీ మేలు చేసే ఈ గుణం రోడ్డుకు మాత్రం కీడు చేస్తుంది. తారు కప్పిన నడిమి భాగం కింద తేమ ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా నిలిచి ఉంటుంది. అంచుల కింద మాత్రం వానాకాలంలో పెరిగి వేసవిలో తగ్గుతుంది. అందువల్ల రోడ్డు అంచులు ఏటా కొంత లేచి, కొంత కుంగి, కొన్నేళ్లకు పొడవునా అలలు తిరుగుతాయి. పొలాల మధ్య సాగే ఒంటి వరుస దారుల్లో ఈ అలలు కంటికి అంతగా ఆనకపోయినా కారులో కూర్చున్నవారి నడుముకు తెలుస్తాయి.

ఇలాంటి నేల మీద రోజూ తిరిగే కారునే ఏడాదికి రెండు మూడుసార్లు రేస్ ట్రాక్ మీదకు కూడా తీసుకువెళ్లాలనుకుంటే దానికి ఎటువంటి సస్పెన్షన్ అమర్చాలన్నది ఈ అధ్యాయంలోని ప్రశ్న. ట్రాక్ అంటే అద్దంలా పరిచిన తారు, పదే పదే వచ్చే మలుపులు, గట్టి బ్రేకులు. కుందూ లోయ దారి అంటే అలలు, గుంతలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఒకటి బిగువును కోరితే రెండోది మెత్తదనాన్ని కోరుతుందని సాధారణంగా చెబుతారు. ఈ మాటలో నిజం సగమే ఉంది. తక్కిన సగం తెలియాలంటే సస్పెన్షన్‌లోని ఒక్కొక్క భాగం ఏ పని చేస్తుందో విడదీసి చూడాలి.

ఎద్దుబండికి స్ప్రింగు లేదు. చక్రం రాయి మీదికెక్కితే ఇరుసూ, దానితోపాటు బండీ, బండి మీది మనిషీ అంత ఎత్తూ లేచి పడాల్సిందే. ఎద్దు నడకలో అది భరించదగినదే గానీ, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అదే జరిగితే చక్రాలు నేలను విడిచి గాలిలో తేలుతాయి. గాలిలో ఉన్న చక్రం కారును తిప్పనూ లేదు, ఆపనూ లేదు. ఒక మామూలు చిన్న కారులో ఒక్కో టైరు నేలను తాకే మేర అరచేయంత మాత్రమే ఉంటుంది. ఆ నాలుగు అరచేతుల మీదే స్టీరింగూ బ్రేకూ ఇంజన్ లాగుడూ ఆధారపడి ఉన్నాయి. వాటిని నేలకు అంటిపెట్టి ఉంచడం సస్పెన్షన్ మొదటి పని, కూర్చున్నవారిని కుదుపుల నుంచి కాపాడడం రెండో పని. రోడ్డు కారుకైనా ట్రాక్ కారుకైనా మొదటి పని ఒకటేనన్న విషయం తరచూ మరుగున పడుతుంది.

బరువు మోసేది స్ప్రింగు. ఎంత బలంతో నొక్కితే అంత కుంగుతుందన్న నియమాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు; ఒక మిల్లీమీటరు కుంగడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలో చెప్పే సంఖ్యను స్ప్రింగు బలస్థిరాంకం అంటారు. అయితే ఆ సంఖ్య ఒక్కదాన్నే చూసి స్ప్రింగు గట్టిదో మెత్తదో చెప్పలేం, ఎందుకంటే లారీకి మెత్తనిది కారుకు రాయి అవుతుంది. అందుకే ఇంజనీర్లు స్ప్రింగును అది మోసే బరువుతో కలిపి, ఆ జంట సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కిస్తారు. దాన్ని సహజ పౌనఃపున్యం అంటారు, దాని కొలమానం హెర్ట్జ్. దీన్ని అంచనా కట్టడానికి ఒక సులువైన లెక్క ఉంది: కారు బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 5ను భాగిస్తే దాదాపుగా హెర్ట్జ్ వస్తుంది. 25 సెంటీమీటర్లు కుంగితే 1 హెర్ట్జ్, 11 కుంగితే 1.5, 6 కుంగితే 2. ఇంట్లో వాడుకునే కార్లు సాధారణంగా 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. రెక్కలతో గాలి ఒత్తిడిని వాడుకోని రేసు కార్లు 2 నుంచి 2.5 మధ్య ఉంటాయి. మనిషి నడిచేటప్పుడు సెకనుకు ఒకటి నుంచి రెండు అడుగులు వేస్తాడు కాబట్టి మొదటి రకం ఊపు ఒంటికి అలవాటైనదే. నిలువు కుదుపులు 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యకు చేరితే మాత్రం శరీరం తట్టుకోలేదు. బిగువైన కారు అలాంటి కుదుపులను ఎక్కువగా లోపలికి పంపుతుంది, గంటసేపు కూర్చున్నాక పొట్టా నడుమూ మొరాయించడానికి కారణం అదే.

ఇప్పుడు నల్లరేగడి అలలను ఈ లెక్కలోకి తీసుకురావచ్చు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. 1.3 హెర్ట్జ్ కారుకు ఆ వేగంలో 17 మీటర్లకు ఒకటి చొప్పున అలలు ఎదురైతే, ఊయల ఊగే లయకు సరిగ్గా తోడు నెట్టినట్టు ప్రతి అలా కారు ఊపును పెంచుతూ పోతుంది. రేగడి మీది దారుల్లో కొన్ని మీటర్ల నుంచి ఇరవై మీటర్ల దాకా రకరకాల పొడవుల అలలు ఉంటాయి కనుక, ఏ స్ప్రింగు వేసినా ఏదో ఒక వేగంలో ఏదో ఒక అల దాని లయతో కలుస్తుంది. స్ప్రింగు మార్చితే ఆ వేగం మారుతుంది, బెడద పోదు. ఊపును అణచవలసినది వేరొక భాగం. దాని సంగతి తర్వాత వస్తుంది.

అంచులు కుంగిన దారిలో ఇంకొక చిక్కు ఉంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు పక్కకు తొలగే కారు ఎడమ చక్రాలు కుంగిన అంచు మీదికి, కుడి చక్రాలు బాగున్న నడిమి మీదికి పడతాయి. మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా బిగించే ఉక్కు కడ్డీని యాంటీ రోల్ బార్ అంటారు. రెండు చక్రాలూ ఒక్కసారే లేచినప్పుడు అది పనిలోకి రాదు, ఒకటి లేచి ఒకటి దిగినప్పుడు మెలితిరిగి ఎదురుతిరుగుతుంది. చదునైన నగర రోడ్ల మీద ఇది గొప్ప సౌకర్యం, ఎందుకంటే స్ప్రింగును మెత్తగా ఉంచుకుంటూనే మలుపులో బిగువు సంపాదించవచ్చు. కుంగిన అంచుల దారిలో మాత్రం లావుపాటి బార్ ఎడమ చక్రం దెబ్బను కుడివైపుకూ చేరవేసి, కారును పక్కలకు ఊపి, కూర్చున్నవారి తలలను అటూ ఇటూ విసురుతుంది. కాబట్టి రోడ్డుకూ ట్రాక్‌కూ కలిపి వాడే కారుకు లావు బార్ వేయమని ఇతర దేశాల పుస్తకాలు ఇచ్చే సలహాను కుందూ లోయలో సగానికి తగ్గించి తీసుకోవాలి.

ట్రాక్ కోరేది ఏమిటి? ఆళ్లగడ్డ మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి కడప, రాయచోటి, చిత్తూరు దాటి తమిళనాడులోని రాణిపేట చేరుతుంది. అక్కడి నుంచి చెన్నై వైపు పోతే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన మద్రాసు ట్రాక్ వస్తుంది. దాని పూర్తి చుట్టు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే అంతకంటే దూరం, అంతకంటే చిన్నది. దాని చుట్టు 2.1 కిలోమీటర్లు. నంద్యాల నుంచి బయలుదేరిన కారు సుమారు 400 కిలోమీటర్లు సామానుతో నడిచి, మద్రాసు ట్రాక్ మీద కొన్ని చుట్లు తిరిగి, తిరిగి అంత దూరమూ వెనక్కి రావాలి. ఆ ప్రయాణంలో ట్రాక్ మీద గడిచే దూరం ఏపాటిదో ఈ అంకెలే చెబుతాయి. నగర వీధులే ట్రాక్ అయిన సందర్భమూ తెలుగు నేల మీద ఉంది: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి బాట మీద ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది. వీధి బాటల్లో అతుకులూ ఎగుడుదిగుళ్లూ తప్పవు కాబట్టి, అక్కడ రేసు కారుకైనా గతుకును మింగే గుణం కావాలి.

మలుపులో కారు బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారుతుంది. 1050 కిలోల కారు, నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున గరిమనాభి, ఎడమ కుడి చక్రాల మధ్య 1.48 మీటర్ల ఎడం ఉన్నాయనుకుంటే, గురుత్వ త్వరణంలో పదింట ఎనిమిది వంతుల పార్శ్వ త్వరణంతో తిరిగేటప్పుడు సుమారు 310 కిలోల బరువు ఒకవైపు నుంచి మరోవైపుకు పోతుంది. ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదన్నది గమనించవలసిన సంగతి. గట్టి స్ప్రింగు వేస్తే కారు తక్కువ ఒరుగుతుంది గానీ, మారే బరువు దాదాపు అంతే ఉంటుంది. ఒరుగుడు తగ్గితే పట్టు పెరిగిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. స్ప్రింగులూ బార్లూ నిర్ణయించేది ఆ 310 కిలోల్లో ముందు జత ఎంత పంచుకోవాలి, వెనక జత ఎంత పంచుకోవాలి అన్నదాన్ని మాత్రమే. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఏ జత ఎక్కువ బరువు మార్పును మోస్తుందో ఆ జత ముందుగా జారుతుంది. ముందు జత జారితే కారు తిప్పినంత తిరగక మలుపు బయటికి పోతుంది, వెనక జత జారితే తోక విసురుతుంది. రాత్రి వాన కురిసిన నల్లమల ఘాట్ దారిలో, గాజులపల్లె దాటి గిద్దలూరు వైపు పోయేటప్పుడు, రెండోది ప్రాణాంతకం. రోడ్డు మీద కూడా నడిచే కారులో వెనక బిగువును ట్రాక్ కోసం మితిమీరి పెంచకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక ఊపును అణచే భాగం. మెకానిక్కులు షాకులు అని పిలిచే షాక్ అబ్జార్బర్‌కు ఇంజనీర్ల భాషలో డాంపరు అని పేరు. నూనె నిండిన గొట్టంలో చిన్న రంధ్రాలూ పలుచని ఉక్కు బిళ్లలూ ఉన్న పిస్టన్ కదులుతూ, ఊపులోని శక్తిని వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. స్ప్రింగుకూ దీనికీ ఉన్న మౌలికమైన తేడాలోనే ఈ అధ్యాయపు ప్రశ్నకు జవాబు ఉంది. స్ప్రింగుకు తనను ఎంత దూరం నొక్కారో మాత్రమే తెలుస్తుంది. డాంపరుకు ఎంత వేగంగా నొక్కారో తెలుస్తుంది. మలుపులో కారు ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు కుంగేటప్పుడు పిస్టన్ సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా జరుగుతుంది. చక్రం గుంత అంచును కొట్టినప్పుడు అదే పిస్టన్ సెకనుకు మీటరు పైచిలుకు వేగంతో దూసుకుపోతుంది. బిళ్లల అమరిక సరిగా ఉన్న డాంపరు నెమ్మది కదలికకు గట్టిగా ఎదురు నిలుస్తుంది, వేగపు కదలిక రాగానే బిళ్లలు వంగి నూనెకు దారి వదులుతాయి. అంటే ట్రాక్ మలుపుకు బిగువుగానూ రోడ్డు గుంతకు మెత్తగానూ ఒకే వస్తువు, ఒకే క్షణంలో, ఎవరూ మీట తిప్పకుండానే ఉండగలదు. స్ప్రింగుకు ఈ వివేచన లేదు.

ఈ దృష్టితో చూస్తే గ్యారేజీల్లో సాధారణంగా జరిగే పని తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ మొదట మారేది స్ప్రింగు, ఎందుకంటే అది చవక, కారు కిందికి దిగి అందంగా కనిపిస్తుంది. ఒక చక్రం వంతుకు 250 కిలోల బరువు ఉన్న కారులో 1.3 హెర్ట్జ్ స్ప్రింగు తీసి 2 హెర్ట్జ్ స్ప్రింగు వేశారనుకుందాం. చక్రం దగ్గర కొలిచిన బలస్థిరాంకం మిల్లీమీటరుకు 16.7 న్యూటన్ల నుంచి 39.5కు, అంటే దాదాపు 2.4 రెట్లకు పెరుగుతుంది. ఊపు అసలే రాకుండా అణచడానికి కావలసిన ఎదురుబలంలో డాంపరు ఇస్తున్నది ఎంత వంతో చెప్పే నిష్పత్తి ఒకటి ఉంది. ఇంటి కార్లలో అది 0.25కు అటూ ఇటూ ఉంటుంది. షాకులను అలాగే ఉంచి స్ప్రింగు ఒక్కటే మార్చితే ఆ నిష్పత్తి మూడో వంతు పైగా పడిపోయి 0.16కు చేరుతుంది. కారు గట్టిపడుతుంది, అయినా ఊగుతూనే ఉంటుంది. అల మీదికెక్కిన చక్రం దిగాక మరో రెండుసార్లు ఎగురుతుంది. బిగువూ ఊపూ రెండూ కలిసిన ఇంతకంటే చెడ్డ సస్పెన్షన్ మరొకటి ఉండదు. స్ప్రింగు చుట్లు కోయించడం ఇంకా ప్రమాదకరం. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే మిగిలినది సుమారు 20 శాతం గట్టిపడుతుంది, కోసిన కొస తన గుంటలో సరిగా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు చోటు తప్పే అవకాశం ఉంటుంది.

కారును కిందికి దించడం గురించి మరొక మాట అవసరం. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపున ఉండేది ఎర్ల్ మాక్‌ఫర్సన్ పేరుతో పిలిచే స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ ఒకే స్తంభంగా కూర్చిన అమరిక. ఇందులో కారు గరిమనాభి మూడు సెంటీమీటర్లు దిగితే, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ ఒరుగు కేంద్రం అంతకంటే ఎక్కువగా దిగిపోతుంది. రెండింటి మధ్య ఎడం పెరగడం వల్ల, దించిన కారు అదే స్ప్రింగుతో మరింత ఒరుగుతుంది. దానికి తోడు చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా తగ్గి, చివరన ఉండే రబ్బరు దిమ్మ తరచూ తగులుతుంది. ఆ దిమ్మ తగిలిన క్షణాన స్ప్రింగు బిగువు ఎన్నో రెట్లు పెరిగినట్టే; మలుపు మధ్యలో అది జరిగితే ఆ చక్రం పట్టు ఒక్కసారిగా పోతుంది.

జాగా ఎంత విలువైనదో అహోబిలం ప్రయాణం చూపుతుంది. వెనక ఒక్కో చక్రం మీద 200 కిలోలు ఉన్న కారులో ముగ్గురు వెనక కూర్చుని, డిక్కీలో సామాను పెట్టినప్పుడు ఆ వంతు 330 కిలోలైందనుకుంటే, 1.5 హెర్ట్జ్ స్ప్రింగు మరో 7 సెంటీమీటర్లు కుంగుతుంది. కంపెనీ ఇచ్చిన జాగాలో అది పెద్ద భాగమే. బేతంచెర్ల, బనగానపల్లె రాళ్లు మోసే లారీలు ఈ సమస్యను కమాను కట్టలతో ఏనాడో పరిష్కరించుకున్నాయి: బరువు తక్కువున్నప్పుడు కింది కట్ట ఒక్కటే పని చేస్తుంది, లోడు ఎక్కినప్పుడు పైన విడిగా ఉన్న మరో కట్ట ఆసరాకు వస్తుంది. కారులో చుట్ల ఎడం మార్చుతూ చుట్టిన ప్రోగ్రెసివ్ స్ప్రింగు చేసేది కూడా ఇదే. ఐదుగురు కూర్చునే కారుకు వెనక ఈ రకం స్ప్రింగు బాగా నప్పుతుంది. ట్రాక్ మీద మాత్రం బిగువు మారుతూ ఉండడం వల్ల డ్రైవరుకు కారు అంచనా కొంచెం కష్టమవుతుంది. ఇది ఒప్పుకోదగిన నష్టమే.

స్పీడ్ బ్రేకరుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో సూచించిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. ఆ కొలతకు కట్టిన దాని వంపు ముందు వెనక చక్రాల మధ్య 2.45 మీటర్ల ఎడం ఉన్న కారు పొట్ట కిందికి నాలుగున్నర సెంటీమీటర్లకు మించి రాదు. ఊళ్లలో కట్టేవి చాలావరకు దానికంటే ఇరుకు, దానికంటే నిటారు. 16, 17 సెంటీమీటర్ల నేల ఎడంతో వచ్చిన కారును నాలుగు సెంటీమీటర్లు దించి, నిండా మనుషులతో వాటి మీద నడిపితే పొట్ట తగలడం ఖాయం.

కాబట్టి ఎంపిక క్రమం ఇలా ఉండాలి. అన్నిటికంటే ముందు మంచి టైర్లు, అరిగిన బుష్షుల మార్పు. తర్వాత డబ్బంతా పెట్టదగినది డాంపర్ల మీద. నెమ్మది కదలికకూ వేగపు కదలికకూ ఎదురుబలాన్ని వేర్వేరుగా బిగించుకునే వీలున్నవి దొరికితే అవి, లేకపోతే అధిక పీడనపు వాయువు నింపిన ఒంటి గొట్టం రకం మేలు, ఎందుకంటే ట్రాక్ వేడిలో వాటి నూనె అంత త్వరగా నురగలెత్తదు. స్ప్రింగు 1.5 నుంచి 1.7 హెర్ట్జ్ దాటనక్కర్లేదు. ముందుకంటే వెనక పౌనఃపున్యం కొంచెం ఎక్కువుంటే, ఒకే గతుకును ముందు చక్రాల తర్వాత తాకే వెనక భాగం ముందు భాగంతో లయ కలిపి తొందరగా కుదుటపడుతుందని 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ చూపాడు. రోడ్డు ప్రయాణానికి అది ఇప్పటికీ వర్తిస్తుంది. ఎత్తు రెండు సెంటీమీటర్లకు మించి దించరాదు. ట్రాక్‌కు వెళ్లే ముందు ముందు చక్రాల పైభాగాన్ని రెండు డిగ్రీల దాకా లోపలికి వాల్చి, తిరిగొచ్చాక మామూలు స్థితికి తేగల పై ప్లేట్లు ఉంటే, ఒరిగిన కారు బయటి టైరు నేలకు సమంగా ఆనుతుంది. స్ప్రింగు బిగించి సంపాదించాలనుకునే పట్టులో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది. వాలు మార్చినప్పుడల్లా అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు లోపలి అంచు కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది, అదే ఏడాది వచ్చిన సవరణ అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించే వీలు కల్పించింది. అసలు కొలతలకు దగ్గరగా ఉండే సస్పెన్షన్ ఈ విధంగా కూడా క్షేమం.

పై అంకెలన్నీ సగటు కార్లవి. ఏ కారుకైనా దాని సొంత అంకె తెలుసుకునే మార్గం ఒకటుంది: షాక్ కడ్డీ మీది దుమ్ము తొడుగును పైకి జరిపి, కడ్డీ చుట్టూ ఒక సన్నని ప్లాస్టిక్ జిప్ టై బిగించి, ఐదుగురితో, సామానుతో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా ఎగువ అహోబిలం దాకా వెళ్లి రావాలి. గతుకులన్నీ దాటాక ఆ టై కడ్డీ మీద ఎంత పైకి జరిగి ఆగిందో, దానికీ రబ్బరు దిమ్మకూ మధ్య ఎంత జాగా మిగిలిందో కొలవాలి. రెండు సెంటీమీటర్లు కూడా మిగలకపోతే ఆ కారును ఒక్క మిల్లీమీటరు కూడా దించకూడదు. ఈ కొలత తీయకుండా ఎవరూ స్ప్రింగు కొనవద్దు.